ఇల్లు గుట్టు, రోగం రట్టు

ఈ సెమిస్టర్ మన క్లబ్బులో "సామెత వెనక కథ" అని శీర్షిక పెట్టి చీటీలు వేశారు కదా. నాకు వచ్చిన చీటీ "ఇంటి గుట్టు లంకకు చేటు". తేలిక అనుకున్నాను. విభీషణుడు, బొడ్డులో అమృతం, రాముడి బాణం, అయిపోయింది. పది నిమిషాలు మాట్లాడేసి క్యాంటీనుకు పోవచ్చు. తీరా చదవడం మొదలుపెట్టాక తెలిసింది, ఈ సామెతను ఇన్నేళ్ళుగా సగమే చదువుకున్నానని. ఆ సగం చదువుతో నేనేం చేశానో కూడా ఇందులో రాస్తున్నాను. అందుకే పేరు లేకుండా వేయమని సంపాదకులను అడిగాను.

ముందు కథ చూద్దాం. ఇంట్లో మనిషే గుట్టు బయటపెట్టాడు, అందుకే లంక కూలింది, కాబట్టి ఇంటి సంగతి ఇంట్లోనే ఉండాలి. మనందరికీ తెలిసిన అర్థం ఇదే. ఆ గుట్టు ఏమిటంటే బొడ్డు దగ్గర అమృతం అంటాం, సినిమాల్లో చూశాం కాబట్టి. వాల్మీకి యుద్ధకాండలో ఆ అమృతం ఊసే లేదు. చివర్లో బ్రహ్మాస్త్రం వెయ్యమని రాముడికి గుర్తుచేసేది మాతలి, ఇంద్రుడు పంపిన సారథి. విభీషణుడు చెప్పిన గుట్టు వేరే. ఇంద్రజిత్తు నికుంభిల దగ్గర హోమం చేస్తున్నాడు, అది పూర్తయితే ఇక అతన్ని గెలవలేం అని చెప్పి లక్ష్మణుణ్ణి అక్కడికి తీసుకెళ్తాడు. అంటే గుట్టు చెప్పిన మాట నిజమే. కానీ అంతకుముందు ఏం జరిగిందన్నది సామెతలో లేదు.

అంతకుముందు ఆయన అన్నగారికే చెప్పాడు. నిండు సభలో చెప్పాడు, సీతను తిరిగి ఇచ్చెయ్యమని. ఒకసారితో ఊరుకోలేదు. అన్న కొడుకు ఇంద్రజిత్తు పిరికివాడన్నాడు, అన్న నానా మాటలూ అన్నాడు, అప్పుడు గానీ నలుగురు అనుచరులతో లంక దాటలేదు. పోనీ ఆయన ఒక్కడేనా? తల్లి వైపు తాత వరస అయిన మాల్యవంతుడు సంధి చేసుకోమన్నాడు, తిట్లు తిన్నాడు. కుంభకర్ణుడు కూడా నువ్వు చేసింది తప్పే అన్నాడు, అని కూడా అన్న కోసమే యుద్ధానికి వెళ్ళి చచ్చిపోయాడు. బంగారు లంకలో ఇంతమందికి తప్పు తెలుసు. చెప్పినవాళ్ళ మాట లోపల చెల్లలేదు. మా మెకానికల్ వాళ్ళ భాషలో చెప్తాను: సేఫ్టీ వాల్వ్ తెరుచుకున్నందుకు బాయిలర్ పేలింది అని ఏ రిపోర్టులోనూ రాయం. వాల్వ్ బిగించేసినందుకు పేలింది అని రాస్తాం. మన సామెత మాత్రం వాల్వ్ మీద కేసు పెట్టింది.

మన దగ్గర్లోనే ఇంకో లంక ఉంది. శేరిలింగంపల్లి మండలంలో, మాదాపూర్ ఇన్ఫోసిటీ. ఇప్పుడు టెక్ మహీంద్రా బోర్డు కనిపిస్తుంది, 2009 దాకా అది సత్యం. 1987లో పెట్టిన కంపెనీ, 50 వేలకు పైగా ఉద్యోగులు. కొడుక్కి సత్యంలో ఉద్యోగం అంటే సంబంధాలు వెతుక్కుంటూ వచ్చేవట. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకు ఒక ఉత్తరం రాశారు. 2008 సెప్టెంబరు 30 నాటి పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు కలిపి 5,361 కోట్లు ఉన్నాయి, అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవు. ఆ మూడు నెలల నిర్వహణ లాభం 649 కోట్లని చూపించారు, నిజానికి వచ్చింది 61 కోట్లు. విచిత్రం ఏమిటంటే, సరిగ్గా ఆ 2008 సెప్టెంబరులోనే కంపెనీ పాలన భేషుగ్గా ఉందని దానికి గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు. తర్వాత వెనక్కి తీసుకున్నారు లెండి.

కామర్స్ వాళ్ళు దీన్ని ఆడిటింగ్ పాఠంగా చదువుతారు. నాకు మాత్రం ఇంటి కథలాగే అనిపించింది. ఆ ఉత్తరం ప్రకారం మొదట తేడా చిన్నదే. ఒక త్రైమాసికంలో కాస్త ఎక్కువ చూపించారు. వచ్చే త్రైమాసికంలో దాన్ని నిలబెట్టడానికి ఇంకాస్త. ఇలా ఏళ్ళ తరబడి. చివరికి 2008 డిసెంబరులో సొంత కొడుకుల కంపెనీలైన మేటాస్ ఇన్‌ఫ్రా, మేటాస్ ప్రాపర్టీస్‌లను 160 కోట్ల డాలర్లకు కొంటామన్నారు. వాటాదారులు గోల చేస్తే కొన్ని గంటల్లోనే ఆ మాట వెనక్కి తీసుకున్నారు. లేని ఆస్తుల చోట ఉన్న ఆస్తులు పెట్టడానికి అదే చివరి ప్రయత్నం అని ఉత్తరంలోనే ఉంది. ఇంగ్లీషులో సత్యం అని రాసి వెనక నుంచి చదివితే మేటాస్ వస్తుంది, ఎప్పుడైనా గమనించారా? ఇంట్లోవాళ్ళకు ఎవరికీ ఏమీ తెలియదని కూడా ఆ ఉత్తరంలో రాశారు. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు ఏడేళ్ళ శిక్ష వేసిన పదిమందిలో రామలింగరాజుతో పాటు ఆయన తమ్ముళ్ళు ఇద్దరున్నారు, మేనేజింగ్ డైరెక్టర్‌గా చేసిన రామరాజు, సూర్యనారాయణ రాజు. మరుసటి నెలలో పై కోర్టు ఆ శిక్ష నిలిపేసి బెయిలిచ్చింది.

ఉత్తరం బయటికొచ్చిన రోజే షేరు ధర నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయింది. అలాగని ఉత్తరం రాయడం వల్లే సత్యం మునిగింది అని మనలో ఎవరమైనా అంటామా? కంపెనీ విషయంలో ఇంత తేలిగ్గా అర్థమయ్యేది ఇంటి విషయంలో ఎందుకు అర్థం కాదు?

ఇంటి విషయం అన్నాను కాబట్టి చెప్తాను. మాది నల్లగండ్లలో గేటెడ్ కమ్యూనిటీ. గేటు దగ్గర ఎవరొచ్చినా యాప్‌లో ఓకే నొక్కితే తప్ప లోపలికి రారు. కిటికీలకు డబుల్ గ్లాస్, రోడ్డు మీద హారన్ లోపలికి రాదు. లోపలి చప్పుడూ బయటికి పోదు. తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో అయితే గిన్నె కిందపడినా పక్కింటి పిన్నిగారు "ఏమైందే" అని గోడ మీంచి అడుగుతారు. ఇక్కడ అడిగేవాళ్ళు లేరు. డబ్బున్న ఇల్లు ముందుగా కొనుక్కునేది ఈ అడగకపోవడమే అనుకుంటాను.

మా నాన్న పెద్ద ఉద్యోగి. సంక్రాంతి ముగ్గుల పోటీకి బహుమతులు ఇచ్చేది ఆయనే. ఆ స్టేజీ మీద అమ్మ కూడా పక్కనే నవ్వుతూ ఉంటుంది. మే నెలలో కూడా అమ్మ పొడుగు చేతుల జాకెట్లే వేసుకుంటుంది. కమ్యూనిటీలో ఆంటీలు అది ఫ్యాషన్ అనుకుని టైలర్ ఎవరని అడిగారు. మొదట్లో కన్ను వాస్తే ఎలర్జీ అన్నాం. తర్వాత మెట్ల మీద తట్టుకుంది అన్నాం. మా ఇంటి త్రైమాసికాలు ఇలా నడిచాయి.

పోయిన సంవత్సరం అమ్మ కుడి మణికట్టు విరిగింది. ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. ఎలా జరిగిందమ్మా అని డాక్టరు అడిగారు. అమ్మ నోరు తెరిచేలోపు నేను అందుకున్నాను, "బాత్రూంలో జారిపడిందండీ" అని. ఆయన రాసుకున్నారు. అమ్మ నా వైపు చూసి తల దించుకుంది. అలా చెప్పమని నాన్న నాకు చెప్పలేదు, అమ్మా చెప్పలేదు. ఆలోచించే పని కూడా లేకుండా వచ్చేసింది, ఎక్కం అప్పజెప్పినట్టు. ఆ తర్వాతి వారమే అక్కకు పెళ్ళిచూపులు, అబ్బాయి డాలస్‌లో. కట్టు కనపడకుండా అమ్మ పైట కప్పుకుని కూర్చుంటే, ఎడమ చేత్తో వడ్డిస్తే బాగుండదని కాఫీలు నేనే అందించాను. అబ్బాయి బాగా పనిమంతుడండీ అని వాళ్ళు మెచ్చుకున్నారు. నాన్న గర్వంగా నా భుజం తట్టారు.

మళ్ళీ సామెత దగ్గరికి. అర్థం సరిచూసుకుందామని అమ్మమ్మకు ఫోన్ చేశాను. లంక సంగతి సరే గానీ ఇంకోటి ఉంది రాసుకో అంది. "ఇల్లు గుట్టు, రోగం రట్టు." సంసారం గుట్టుగా నడుపుకోవాలి, రోగాన్ని మాత్రం పదిమందికీ చెప్పాలి, చెప్తేనే ఎవరో ఒకరు మందు చెప్తారు. ఈ సామెత నేను విననిది. వినగానే చిక్కు ఎక్కడుందో అర్థమైంది. గుట్టు చెడ్డమాటేమీ కాదు. "గుట్టుగా కాపురం చేసుకుంటున్నారు" అంటే మెచ్చుకోవడమే. జీతం ఎంత, అప్పు ఎంత, కోడలికీ అత్తకూ కూరలో ఉప్పు దగ్గర ఎందుకొచ్చింది, ఇవన్నీ గుట్టులో ఉండాల్సినవే, ఊరికి అనవసరం. మరి చెయ్యి విరగ్గొట్టడం ఏ ఖాతాలోకి వస్తుంది? ఇల్లా, రోగమా? మా ఇంట్లో మేం రోగాన్ని తీసుకెళ్ళి ఇల్లు అనే ఖాతాలో రాశాం. ఐదు వేల కోట్లు రాసినట్టే. "ఎందుకడిగావురా?" అంది అమ్మమ్మ చివర్లో. క్లబ్బు కోసం అన్నాను. కాసేపు ఫోన్లో ఏమీ వినపడలేదు. "అమ్మను ఒకసారి పంపించు" అని పెట్టేసింది.

నేను తెలుసుకున్న ఇంకో సంగతి, మనలో ఇంకెవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. కొట్టడం ఒక్కటే హింస అని అందులో లేదు. మాటలతో అవమానించడం, ఇంటి ఖర్చుకు డబ్బు ఇవ్వకుండా బిగబట్టడం కూడా అందులోకి వస్తాయి. భార్యకే కాదు, కూతురికీ తల్లికీ వర్తిస్తుంది. "విల్లా ఆయన పేరు మీదుంది, నేనెక్కడికి పోతాను" అని అమ్మ చాలాసార్లు అనేది. 17వ సెక్షన్ చూస్తే, ఇల్లు ఎవరి పేరు మీదున్నా కలిసి కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఉంది. 4వ సెక్షన్ చదివినప్పుడు మాత్రం నేను పుస్తకం మూసేసి లేచి నడిచాను. హింస జరిగిందని నమ్మడానికి కారణమున్న ఎవరైనా ప్రొటెక్షన్ ఆఫీసరుకు చెప్పొచ్చట, మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద ఏ బాధ్యతా ఉండదట. ఎవరైనా అంటే కొడుకు కూడా. ఫోన్‌లో చెప్పాలంటే మహిళా హెల్ప్‌లైన్ 181.

నేను ఇంకా చెప్పలేదు. మొదట లోపల చెప్పాలి కదా, విభీషణుడి వరసలో. నాన్నతో ఆదివారం మాట్లాడాను. సరిగా నాలుగు వాక్యాలు. "నీ చదువు నువ్వు చూసుకో" అన్నారు. అది మొదటిసారి. అమ్మ ఇప్పుడు తెనాలిలో ఉంది. అమ్మమ్మకు ఒంట్లో బాలేదని కమ్యూనిటీలో చెప్పాం. అదీ అబద్ధమే, ఒప్పుకుంటాను.

ఇది పంపించే ముందు ఇద్దరికి చూపించాను. అక్క చదివి, "డాలస్ వాళ్ళు చూస్తే?" అంది, కాసేపాగి, "సరే, చూడనీ" అంది. అమ్మకు వాట్సాప్‌లో పంపాను. రెండు రోజులు బ్లూ టిక్కే. మూడో రోజు రాత్రి మెసేజ్ వచ్చింది. నేను మొదట ఎడమ మణికట్టు అని రాశాను. "ఎడమది కాదురా, కుడిది. సరిచెయ్యి" అని ఉంది.

సరిచేశాను.