విరామం తరువాత మళ్ళీ జావా

హెచ్-4 వీసా మీద అమెరికా వచ్చిన మన ఆడవాళ్ళలో ఎందరో ఇండియాలో నాలుగైదేళ్ళు సాఫ్ట్‌వేర్ పని చేసినవాళ్ళే. భర్తకు ఐ-140 ఆమోదం అయివుంటే భార్య కూడా పని అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చన్న నిబంధన 2015 మే 26న అమల్లోకి వచ్చింది. (భార్య వెంట వచ్చిన భర్తలకూ ఇదే వర్తిస్తుంది లెండి.) ఆ కార్డు చేతికందాక నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "అంతా మళ్ళీ మొదటినుంచీ నేర్చుకోవాలా?"

అక్కర్లేదు. 2008లో మీరు రాసిన ఎస్‌క్యూఎల్ జాయిన్, గ్రూప్ బై ఇవాళా అలాగే పనిచేస్తాయి. ఇండెక్స్ ఎందుకు పెడతామో, ట్రాన్సాక్షన్ మధ్యలో ఆగితే రోల్‌బ్యాక్ ఎందుకు కావాలో తెలిస్తే సగం దూరం వచ్చేసినట్టే.

జావా మాత్రం మారింది. ఒక లిస్టులోంచి బాకీ ఉన్న ఖాతాలు ఏరాలంటే ఇదివరకు లూప్ తిప్పి, ఇఫ్ పెట్టి, కొత్త లిస్టులో వేసేవాళ్ళం. 2014లో జావా 8 వచ్చాక లిస్టును స్ట్రీమ్ చేసి, ఫిల్టర్‌కి షరతును లాంబ్డాగా ఇస్తే చాలు. పాత పద్ధతీ నడుస్తుంది, కానీ ఇతరుల కోడ్ చదవాలంటే ఇది రావాలి. స్ట్రట్స్ 1కి 2013లోనే మద్దతు ఆపేశారు; ఆ పుస్తకం ఇంట్లో ఉంటే అటకెక్కించండి. దాని బదులు స్ప్రింగ్ బూట్ నేర్చుకోండి.

అందరూ తికమకపడేది గిట్ దగ్గర. సీవీఎస్, సబ్‌వెర్షన్ అలవాటైన చేతికి కమిట్ అంటే సర్వర్‌కి చేరినట్టే. గిట్‌లో ప్రాజెక్టు చరిత్ర మొత్తం మీ కంప్యూటర్లోనే ఒక నకలుగా ఉంటుంది, కమిట్ దాంట్లోకే వెళ్తుంది. పుష్ చేస్తేనే మిగతావాళ్ళకు కనబడేది. మాకు వదిన వరసయ్యే ఒకావిడ దీన్ని ఆవకాయతో పోల్చింది: జాడీకెత్తడం కమిట్, పక్కింటికి పంపడం పుష్. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

అభ్యాసానికి ఇంటి ఖర్చుల లెక్క రాయండి. పద్దులకో టేబుల్, ఖర్చులకో టేబుల్. ప్రతి పద్దుకీ ఆ నెల మొత్తం ఎంతో చెప్పాలి. ఖర్చే లేని పద్దు కూడా సున్నాతో కనబడాలంటే లెఫ్ట్ జాయిన్ కావాలి. అయితే నెల షరతును వేర్‌లో పెట్టారా, ఆ ఖాళీ పద్దులు మళ్ళీ మాయం! దాన్ని ఆన్‌లో పెట్టాలి. ఈ రోజుల్లో కోడ్ ఏఐ కూడా రాసిస్తుంది, తీసుకోండి. కానీ ఇలాంటి తప్పు దొర్లితే పట్టుకోవాల్సింది మీరే.

ఇక రెజ్యూమే. విరామాన్ని దొంగ ప్రాజెక్టులతో పూడ్చమనే కన్సల్టెన్సీలున్నాయి. ససేమిరా ఒప్పుకోకండి. అబద్ధమని తేలితే ఉద్యోగం పోతుంది. నిజమని నమ్మితే ఇంకా ప్రమాదం, అనుమతి లేని రోజుల్లో పనిచేశానని మీరే రాసిచ్చినట్టు! "2012-2024 విరామం, కుటుంబ బాధ్యతలు" అని ఒక్క లైను రాసి, దానిపైన మీ ఖర్చుల ప్రాజెక్టు పెట్టండి. ఇంటర్వ్యూలో అవతలి కుర్చీలో నేనుంటే ఆ లైను దగ్గర ఆగను. నేరుగా లెఫ్ట్ జాయిన్ గురించే అడుగుతాను.