లాగ్‌బుక్ మొదటి పేజీ నుంచే పైలట్ ఉద్యోగం

కర్నూలు జిల్లా హొళగుంద చుట్టుపక్కల ఊళ్లలో ఎంపీసీ చదివే పిల్లలు పైలట్ అవుతామంటే ఇంట్లోవాళ్లు నవ్వి ఊరుకునే కాలం పోయింది. 2021 మార్చిలో ఓర్వకల్లు దగ్గర ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయం మొదలైంది. 2025 జూలైలో అక్కడి నుంచి విజయవాడకు కూడా ఇండిగో సర్వీసు వచ్చింది. ఇటు బళ్లారి వైపు తోరణగల్లు దగ్గర విద్యానగర్ విమానాశ్రయం ఉండనే ఉంది. ఇక ఆదోని యార్డులో పత్తి అమ్ముకుని వచ్చే తండ్రి అడిగేది ఒక్కటే: అంత డబ్బు పోస్తే ఉద్యోగం వస్తుందా?

2023లో ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లిచ్చాయి. 2024 జనవరిలో ఆకాశ ఎయిర్ 150 బోయింగ్‌లు అడిగింది. వచ్చే పదిహేను, ఇరవై ఏళ్లలో దేశానికి 30,000 మంది పైలట్లు కావాలని కేంద్ర విమానయాన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు చెబుతున్నారు. ఈ లెక్కలు నిజమే. కానీ ఆర్డరు పెట్టిన విమానం మర్నాడే రాదు, ఏళ్ల తరబడి విడతలవారీగా వస్తుంది. లైసెన్సులు మాత్రం ఏటా వెయ్యికి పైగానే వస్తున్నాయి. 2023లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చిన కమర్షియల్ పైలట్ లైసెన్సులు 1,622.

ఇంకో సంగతి. పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచి, రాత్రి ల్యాండింగ్‌లను తగ్గించిన నిబంధనలు 2025లో రెండు విడతలుగా అమల్లోకి వచ్చాయి. వాటికి తగ్గట్టు సిబ్బందిని సర్దుకోలేక ఆ డిసెంబరులో ఇండిగో వేల సర్వీసులు రద్దు చేసింది. అంటే కొరత ఉంది. అయితే ఎక్కువ కొరత కెప్టెన్లకు. 200 గంటలతో లైసెన్సు తెచ్చుకున్న కొత్త కుర్రాడు రెండేళ్లు ఎదురుచూడాల్సి వచ్చినా తట్టుకునేలా ఇంట్లో లెక్క వేసుకోవాలి. ఎంతకాలం ఆగాలన్నది మన చేతిలో లేదు. పిలుపు వచ్చిన రోజున కాగితాలు సిద్ధంగా ఉండటం మన చేతిలో ఉంది.

మొదట చేయాల్సింది వైద్య పరీక్ష. డీజీసీఏ గుర్తించిన డాక్టరు దగ్గర క్లాస్-2, ఆ వెంటనే క్లాస్-1. మనవాళ్లకు దగ్గర్లో బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్‌లో చేస్తారు. క్లాస్-1 చేతికి రాకముందే ఫ్లయింగ్ స్కూలుకు లక్షలు కట్టడం తప్పు. శిక్షణకు సుమారు 50 లక్షలు, ఆపైన ఎయిర్‌బస్ లాంటి ఒక రకం విమానం నడపడానికి కావాల్సిన టైప్ రేటింగ్ ఖర్చు వేరే. చెవిలోనో గుండెలోనో చిన్న లోపం బయటపడితే పొలం అమ్మి కట్టిన డబ్బు వెనక్కి రాదు.

తర్వాత పేరు. మన ప్రాంతంలో అసలు చిక్కంతా ఇక్కడే. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో అసలు ఉండదు. ఈరన్న అనే పేరు ఒక కాగితంలో వీరన్న అవుతుంది, ఇంకోదాంట్లో ఇంగ్లిషు స్పెల్లింగు మారుతుంది. టెన్త్ మెమోలో ఉన్న పేరును ఆధారం చేసుకుని మిగతావన్నీ దిద్దించుకోండి. పరీక్షలు రాయడానికి డీజీసీఏ ఇచ్చే కంప్యూటర్ నంబరుకు దరఖాస్తు చేసేది ఆ తర్వాతే. అక్కడ పడిన పేరే పరీక్షలకు, లైసెన్సుకు, లాగ్‌బుక్‌కు వెళుతుంది.

స్కూలు ఎంపికలో తొందర వద్దు. బేగంపేటలో తెలంగాణ ఏవియేషన్ అకాడమీ ఉంది. కలబురగిలో శిక్షణ సంస్థలున్నాయి. కడపను కూడా ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ శిక్షణ కేంద్రాల జాబితాలో చేర్చింది. డీజీసీఏ 2025 అక్టోబరులో తొలిసారి ఫ్లయింగ్ స్కూళ్లకు ర్యాంకులిచ్చింది. పై శ్రేణుల్లో ఒక్క సంస్థా నిలవలేదు. కాబట్టి ప్రకటన చూసి కాదు, వెళ్లి చూసి చేరాలి. ఎగిరే స్థితిలో ఎన్ని విమానాలున్నాయి, ఒక్కో విద్యార్థికి నెలకు ఎన్ని గంటలు దొరుకుతున్నాయి అని అక్కడ చదివే పిల్లలనే అడగండి.

ఇక అసలు పని లాగ్‌బుక్, అంటే ఎగిరిన గంటల లెక్క పుస్తకం. మొదటి రోజు నుంచే రాయాలి. ఒక్క వరుస తీసుకుందాం. ఉదయం 6:40కి విమానం కదిలింది, 7:55కి తిరిగొచ్చి ఆగింది. లాగ్‌బుక్‌లో మన గడియారం టైము రాయకూడదు, యూటీసీ రాయాలి. అయిదున్నర గంటలు తీసేస్తే 01:10 నుంచి 02:25. గాల్లో ఉన్న సేపే కాదు, ఎగరడానికి కదిలినప్పటి నుంచి చివరికి ఆగేదాకా లెక్క. మొత్తం 1 గంట 15 నిమిషాలు. దీన్ని 1.15 అని రాస్తే తప్పు, దశాంశంలో అది 1.25. అమెరికాలో నేర్చుకున్నవాళ్ల లాగ్‌బుక్‌లు దశాంశాల్లోనే ఉంటాయి. వాళ్ల 1.3 ఇక్కడ 1 గంట 18 నిమిషాలు. తెల్లవారుజామున 5:15కి బయల్దేరితే యూటీసీలో ముందురోజు 23:45. తారీఖు కూడా మారుతుందన్నమాట. ఇలాంటి తేడా ఒక పేజీలో దొర్లితే ఆ తర్వాతి పేజీల మొత్తాలన్నీ తప్పుతాయి.

ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని నేర్పిన గంటలు డ్యూయల్‌లోకి వెళ్లాలి, విమానం బాధ్యత తనదిగా ఎగిరిన కమాండ్ గంటల్లో కలపకూడదు. సిమ్యులేటర్ గంటలు ఎగిరిన గంటల మొత్తంలోకి రావు. ఇంకుతోనే రాయాలి. తప్పు పడితే ఒక్క గీత కొట్టి పక్కన సంతకం పెట్టండి. వైట్‌నర్ పూసిన లాగ్‌బుక్‌ను ఇంటర్వ్యూలో తిరగేసేవారు ఆ పేజీ దగ్గరే ఆగుతారు. వారానికోసారి విమానం టెక్నికల్ లాగ్‌తో, స్కూలు ఆథరైజేషన్ రిజిస్టరుతో సరిపోల్చుకోండి. డీజీసీఏ ఆన్‌లైన్ పోర్టల్ ఈజీసీఏలోని ఈ-లాగ్‌బుక్‌లోనూ అవే అంకెలు ఉండాలి. చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ సంతకాన్ని చివరికి వాయిదా వేయొద్దు. ఆయన స్కూలు మారిపోతే ఆ సంతకం కోసం ఊళ్లు తిరగాలి.

లైసెన్సుకు మొత్తం 200 గంటలు. అందులో కమాండ్ గంటలు 100. కమాండ్‌లోనే క్రాస్ కంట్రీ 20 గంటలు, వాటిలో 300 నాటికల్ మైళ్ల ప్రయాణం ఒకటి, దారిలో రెండు వేర్వేరు చోట్ల దిగాలి. ఇన్‌స్ట్రుమెంట్ 10, రాత్రి ఎగిరేది 5 గంటలు. దరఖాస్తుకు ముందు ఆరు నెలల్లో కనీసం 15 గంటలు కమాండ్‌లో ఎగిరి ఉండాలి. ఈ చివరి షరతును చాలామంది మరచిపోతారు. పరీక్ష తప్పి ఆగిపోయినవాళ్లు మళ్లీ డబ్బు కట్టి ఎగరాల్సి వస్తుంది.

దొంగ గంటల మాట కూడా చెప్పాలి. 2011లో గోవాలో ఒక విమానం ముక్కు చక్రం మీద దిగింది. దాని మీద విచారణ మొదలుపెడితే నకిలీ మార్కుల మెమోలతో లైసెన్సులు తెచ్చుకున్న పైలట్లు బయటపడ్డారు. రాజస్థాన్‌లో ఎగరని గంటలు రాసిచ్చిన ఫ్లయింగ్ స్కూలు వ్యవహారమూ అప్పుడే తేలింది. అరెస్టులు జరిగాయి, లైసెన్సులు పోయాయి. పది గంటలు కలిపి రాస్తామని ఎవరైనా అంటే ఆ స్కూలు గేటు దాటి వచ్చేయండి.

దరఖాస్తు కోసం వేరే కాగితం మీద ఒక పట్టిక తయారు చేసుకోండి. విమాన రకం వారీగా గంటలు, డ్యూయల్, కమాండ్, మల్టీ ఇంజిన్, రాత్రి, ఇన్‌స్ట్రుమెంట్, గత ఆరు నెలలు, పన్నెండు నెలలు, చివరిగా ఎగిరిన తేదీ. ప్రతి నెలాఖరుకూ దిద్దండి. దాంతోపాటు క్లాస్-1, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, ఇంగ్లిష్ ప్రావీణ్యం, రేడియో లైసెన్సు గడువు తేదీలు రాసిపెట్టుకోండి. నోటిఫికేషన్ వచ్చాక మెడికల్ గడువు దాటిందని తెలిస్తే చేయగలిగేదేమీ ఉండదు.

విజయవాడలో పెరిగిన అనీ దివ్య 17 ఏళ్లకు శిక్షణలో చేరి, 19కి ఎయిర్ ఇండియాలో అడుగుపెట్టి, 30 ఏళ్లకు, 2017లో బోయింగ్ 777 కమాండర్ అయ్యారు. ఆమె దారిలో నడవాలనుకునే పల్లె పిల్లలకు ఇంగ్లిషు ఒక్కటే బెరుకు. హొళగుంద పిల్లలు ఇంట్లో తెలుగు, సంతలో కన్నడ పుట్టినప్పటి నుంచీ మాట్లాడుతున్నారు, మూడో భాష వాళ్లకు కొండేమీ కాదు.

ఇంటర్ చదువుతున్న పిల్లలున్న ఇళ్లవాళ్లు ఈ సెలవుల్లోనే టెన్త్ మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి పేరు సరిచూడండి. మెడికల్ అయ్యేదాకా భూమి జోలికి పోకండి.