సోనార్ అంటే ఫిల్టర్ కాదు: రేంజ్‌ఫైండర్ లెన్సుల 'క్యారెక్టర్'ని ఇంట్లోనే పోల్చి చూడటం ఎలా?

2021లో వచ్చిన వివో ఎక్స్70 ప్రో సిరీస్ ఫోన్లలో పోర్ట్రెయిట్ మోడ్ తెరిస్తే నాలుగు పేర్లు కనిపిస్తాయి: బయోటార్, డిస్టగాన్, ప్లానార్, సోనార్. చాలామంది ఒక్కోదాన్ని నొక్కి, వెనక బ్లర్ మారిందని చూసుకుని వదిలేశారు. కానీ ఇవి ఫిల్టర్లకి సరదాగా పెట్టిన పేర్లు కావు. జైస్ కంపెనీ దశాబ్దాల క్రితం తయారుచేసిన లెన్స్ డిజైన్ల పేర్లు. వాటిలో సోనార్ 50ఎంఎం పెరిగింది రేంజ్‌ఫైండర్ కెమెరాల మీద.

రేంజ్‌ఫైండర్ లెన్సులు వాడే హాబీ ఫోటోగ్రాఫర్ల దగ్గర ఎక్కువగా వినిపించే మాట 'క్యారెక్టర్'. "ఈ లెన్స్‌కి మంచి క్యారెక్టర్ ఉంది భయ్యా" అంటారు. అంటే ఏంటని అడిగితే "చూస్తే తెలుస్తుంది" అంటారు. సమస్య ఎక్కడంటే, ఆ ఒక్క మాట మీద డబ్బులు చేతులు మారుతున్నాయి. కొన్ని వేలకి దొరికే సోవియట్ జూపిటర్-8కీ ఇదే మాట, లక్షలు పలికే లైకా లెన్స్‌కీ ఇదే మాట. లోపల మసక పట్టిన పాత లెన్స్‌ని కూడా 'డ్రీమీ గ్లో' అని అమ్మేవాళ్లున్నారు. అందుకే ఈ మాటని ఇంట్లో చెక్ చేసుకోగలిగే ముక్కలుగా విడగొట్టి చూశాను. నా దగ్గర జూపిటర్-8 50ఎంఎం ఎఫ్/2, ఇండస్టార్-61 55ఎంఎం ఎఫ్/2.8 ఉన్నాయి. ఒక ఫ్రెండ్ దగ్గర్నుంచి ఫోక్ట్‌లాండర్ నోక్టన్ 40ఎంఎం ఎఫ్/1.4 రెండు వారాలకి తెచ్చుకున్నా.

నాకు అర్థమైంది ఒక్క ముక్కలో చెప్తాను. క్యారెక్టర్ అంటే డిజైనర్ సరిచేయకుండా వదిలేసిన లోపాలు. మన సాఫ్ట్‌వేర్ భాషలో రిలీజ్ నోట్స్ చివర ఉండే 'నోన్ ఇష్యూస్' అన్నమాట. ఏది వదిలేశారు, ఎందుకు వదిలేశారు అన్నదాన్ని బట్టే ఫోటో మారుతుంది.

కెమెరా లెన్స్‌లోంచి చూడదు

డీఎస్ఎల్ఆర్‌లో, మిర్రర్‌లెస్‌లో మనం చూసేది లెన్స్‌లోంచి వచ్చిన బొమ్మనే. రేంజ్‌ఫైండర్‌లో అలా కాదు. లెన్స్‌కి పైన, కాస్త పక్కగా ఉన్న వేరే కిటికీలోంచి చూస్తాం. మధ్యలో ఉన్న చిన్న ప్యాచ్‌లో వస్తువు రెండు బొమ్మలుగా కనిపిస్తుంది. ఫోకస్ రింగ్ తిప్పితే లెన్స్ వెనక భాగం కెమెరా లోపల ఉన్న చిన్న లీవర్‌ని నెడుతుంది, బొమ్మలు దగ్గరికి జరుగుతాయి. రెండూ ఒకటైతే ఫోకస్ కుదిరినట్టు. 1932లో లైకా II, కాంటాక్స్ రెండూ ఈ ఏర్పాటుతోనే వచ్చాయి. 1954లో లైకా ఎం3తో వచ్చిన ఎం మౌంట్ ఈరోజుకీ నడుస్తోంది.

దీనివల్ల రెండు విషయాలు జరుగుతాయి. ఒకటి, వ్యూఫైండర్‌లో బ్లర్, ఫ్లేర్, మెత్తదనం ఏవీ కనపడవు. ఫోటో వచ్చాకే తెలుస్తుంది. రెండోది, లోపల అద్దం లేదు కాబట్టి లెన్స్ వెనక గాజు ఫిల్మ్‌కి బాగా దగ్గరగా వెళ్లొచ్చు. సోనార్ కథంతా ఈ రెండో పాయింట్ మీదే ఉంది.

కోటింగ్ లేని గాజు మీద వెలుతురు పడితే, గాలీ గాజూ కలిసే ప్రతి చోటా సుమారు 4, 5 శాతం వెనక్కి తిరిగిపోతుంది. పాల్ రుడాల్ఫ్ 1896లోనే ప్లానార్ డిజైన్ చేశాడు. లోపాలను సరిదిద్దడంలో అది గొప్పదే. కానీ గాజు గుంపుల మధ్య గాలి ఖాళీలు ఎక్కువ కావడంతో ఫ్లేర్ దాన్ని దెబ్బతీసింది. 1930ల మొదట్లో కాంటాక్స్ కోసం లుడ్విగ్ బెర్టెలె వేరే దారి పట్టాడు. గాజు ముక్కలను అతికించి లావు గుంపులుగా చేశాడు. సోనార్ ఎఫ్/2లో ఆరు ముక్కలు మూడు గుంపుల్లో, ఎఫ్/1.5లో ఏడు ముక్కలు మూడు గుంపుల్లో ఉంటాయి. అంటే గాలి తగిలే తలాలు ఆరే. నాలుగు గుంపుల లెన్స్‌లో అయితే ఎనిమిది. ఒక్కో తలం దగ్గర 5 శాతం పోతుందనుకుని లెక్కేయండి: ఆరు తలాలు దాటేసరికి 73 శాతం పైన మిగులుతుంది, ఎనిమిది దాటితే 66. ఇక్కడ పోయిన వెలుతురు ఊరికే పోదు. లెన్స్ లోపల అటూ ఇటూ తిరిగి ఫిల్మ్ మీద పడి నలుపుని బూడిద రంగు చేస్తుంది. అందుకే ఆ రోజుల్లో సోనార్ కాంట్రాస్ట్‌కి అంత పేరు.

ఆ కాంట్రాస్ట్ కోసం డిజైన్‌లో రాజీ పడాల్సి వచ్చింది. గుంపులు తక్కువైతే సరిదిద్దుకునే అవకాశాలూ తక్కువే. అందువల్ల సోనార్‌లో స్ఫెరికల్ అబరేషన్ కొంత మిగిలిపోయింది. అంటే లెన్స్ అంచుల్లోంచి వచ్చే కిరణాలు, మధ్యలోంచి వచ్చే కిరణాలు ఒకేచోట కలవవు. 1935లో జైస్‌లోనే అలెగ్జాండర్ స్మకులా కోటింగ్ కనిపెట్టాడు. యుద్ధం తర్వాత కోటింగ్ మామూలైపోయింది, ఫ్లేర్ భయం తగ్గింది. తర్వాత ఎస్ఎల్ఆర్‌లు వచ్చాయి. అద్దం తిరగడానికి లెన్స్ వెనక ఖాళీ కావాలి, 50ఎంఎం సోనార్‌కి అది లేదు. ప్లానార్ కుటుంబం గెలిచింది. ఎస్ఎల్ఆర్ రోజుల నుంచి వచ్చిన 50ఎంఎం ఎఫ్/1.8 లెన్సులు ఆ కుటుంబం వాళ్లే. సోనార్ రేంజ్‌ఫైండర్ దగ్గరే ఆగిపోయింది. యుద్ధంలో ఓడిన జర్మనీ నుంచి సోవియట్ వాళ్లు తీసుకెళ్లిన సరంజామాతో కీవ్ కెమెరాలు, జూపిటర్ లెన్సులు పుట్టాయి. నా జూపిటర్-8 ఆ వంశమే.

మూడు టెస్టులు

మొదలుపెట్టే ముందు ఒక రూల్. అన్ని లెన్సులనీ ఒకే అపెర్చర్‌లో పోల్చండి. ఎఫ్/1.4 ఫోటో పక్కన ఎఫ్/2.8 ఫోటో పెట్టి "చూశావా క్యారెక్టర్" అంటే అది క్యారెక్టర్ కాదు, అపెర్చర్. రా ఫైల్ తీయండి, వైట్ బ్యాలెన్స్ లాక్ చేయండి. ఫోకల్ లెంగ్త్ వేరైతే ముఖం సైజు సమానంగా వచ్చేలా జరగండి. అప్పుడు బ్యాక్‌గ్రౌండ్ మారుతుంది, దానికి మనం చేసేదేం లేదు.

మొదటిది బల్బుల టెస్ట్. పండగకి తెచ్చిన సీరియల్ బల్బులు గోడకి వేలాడదీసి, మూడు మీటర్ల ముందు ఒక మనిషిని కూర్చోబెట్టాను. అందరికీ ఎఫ్/2.8. జూపిటర్‌లో ఒక్కో బల్బు మధ్యలో వెలుగ్గా, అంచుల దగ్గర మెల్లగా కరిగిపోయినట్టు వచ్చింది. ఇండస్టార్‌లో అంచు చుట్టూ సన్నని గీత గీసినట్టుంది. అది టెస్సార్ కుటుంబం, నాలుగు ముక్కల లెన్స్. నోక్టన్‌లో బల్బుల కంటే వెనకున్న కిటికీ ఊచలు చికాకు పెట్టాయి, ఒక్కోటి జంటగా కనిపించింది. ఇదంతా సిద్ధాంతానికి సరిపోయేదే. స్ఫెరికల్ అబరేషన్ ఒక వైపుకి మిగిలితే వెనక బ్లర్ మెత్తబడుతుంది, ముందున్న బ్లర్ గరుకవుతుంది. ఇంకో వైపుకి మిగిలితే ఇది తలకిందులవుతుంది. ఫోన్‌లోని సోనార్ మోడ్ చేసేది ఇక్కడి దాకానే. డెప్త్ మ్యాప్ పట్టుకుని బ్లర్ ఆకారాన్ని లెక్కగట్టి గీస్తుంది. తర్వాతి రెండు టెస్టుల్లో కనిపించేవి దాంట్లో దొరకవు.

రెండోది న్యూస్‌పేపర్ టెస్ట్, నా దృష్టిలో అన్నింటికంటే ముఖ్యమైనది. పేపర్‌ని టేబుల్ మీద పరిచి, ఒక మీటరు దూరం నుంచి ఏటవాలుగా కెమెరా పెట్టండి. అపెర్చర్ పూర్తిగా తెరిచి ఒక హెడ్‌లైన్ మీద ఫోకస్ చేయండి. ఇక రింగ్ ముట్టుకోకుండా ఎఫ్/2.8, 4, 5.6లో ఒక్కోటి తీయండి. నా జూపిటర్‌లో షార్ప్‌గా ఉన్న లైన్ మెల్లగా వెనక్కి జరిగింది. దీన్నే ఫోకస్ షిఫ్ట్ అంటారు. బల్బులని అందంగా చూపించిన ఆ అబరేషన్ వల్లే ఇది కూడా వస్తుంది. బ్లర్‌ని ఉంచుకుని షిఫ్ట్‌ని తీసేయమంటే కుదరదు.

మిర్రర్‌లెస్ వాళ్లకి ఇది పెద్ద ఇబ్బంది కాదు, తీసే అపెర్చర్‌లోనే ఫోకస్ చేస్తే సరి. రేంజ్‌ఫైండర్ లెన్స్‌లోంచి చూడదు కాబట్టి దానికి ఈ జరుగుడు తెలియనే తెలియదు. జైస్ ఇటీవలి కాలపు ఎం మౌంట్ సి సోనార్ 50ఎంఎం ఎఫ్/1.5 మంచి ఉదాహరణ. ఎఫ్/2.8కి సర్దిన కాపీలో ఎఫ్/1.5 దగ్గర ఫోకస్ అనుకున్న చోటికి కాస్త ముందు పడుతుంది. ఇది డిజైన్‌లో భాగమేనని జైస్ కూడా చెప్పింది. ఒక మీటరు దూరంలో ఎఫ్/1.5కి షార్ప్‌గా ఉండే లోతు మొత్తం సుమారు మూడున్నర సెంటీమీటర్లే. కంటి మీద ప్యాచ్ కలిపితే ముక్కు షార్ప్‌గా వచ్చే ప్రమాదం ఉంది. అదే వరుసలో జైస్ ప్లానార్ 50ఎంఎం ఎఫ్/2 కూడా అమ్మింది. ఒకే కంపెనీ ఒకే మౌంట్‌కి రెండు 50లు పెట్టిందంటే కొనేవాడిని ఎంచుకోమని చెప్పినట్టే.

మూడోది కిటికీ టెస్ట్. పగటిపూట కిటికీ ముందు నల్ల బ్యాగ్ పెట్టి తీయండి. ఆ నలుపు ఎంత నలుపుగా మిగిలిందో చూడండి. నోక్టన్ 40 ఈ విషయంలో భలే లెన్స్. అదే గాజుతో ఎస్‌సీ, ఎంసీ అని రెండు రకాలు చేశారు. ఒకదానికి సింగిల్ కోటింగ్, ఇంకోదానికి మల్టీ కోటింగ్. ఒక్క వేరియబుల్ మాత్రమే మారిన ఎక్స్‌పెరిమెంట్ మార్కెట్లో దొరకడం అరుదు. నేను తెచ్చుకున్నది ఎస్‌సీ. కిటికీ ఎదురుగా ఉంటే బ్యాగ్ బూడిద రంగుకి తిరిగింది. చేత్తో లెన్స్‌కి నీడ పట్టగానే చాలావరకు నలుపు తిరిగొచ్చింది. చేతి నీడతో మారిపోయే క్యారెక్టర్‌కి ఎక్కువ డబ్బులు పెట్టడం నాకైతే దండగ అనిపిస్తుంది. బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ తీసేవాళ్లు ఒప్పుకోరు. నీడల్లో డీటెయిల్ కాస్త పైకి లేస్తుందని వాళ్లకి అదే ఇష్టం.

ఇంకో మాట. ఎఫ్/5.6లో మూడింటితో తీసిన ఫోటోల ఫైల్ పేర్లు మార్చి కలిపేసి చూశాను. ఏది ఏ లెన్సో నేనే గుర్తుపట్టలేకపోయాను. ఎప్పుడూ ఎఫ్/8లో వీధి ఫోటోలు తీసే మనిషైతే ఈ ఆర్టికల్ సగం మర్చిపోవచ్చు.

లెన్స్‌ది కాని నేరం

వైడ్ లెన్సుల్లో మూలలు అలుక్కుపోయినట్టు వస్తే వెంటనే 'వింటేజ్' అనకండి. ముందు ఏ బాడీ మీద తీశారో అడగండి. సెన్సార్ ముందు పల్చటి ఫిల్టర్ గాజు ఉంటుంది. రేంజ్‌ఫైండర్ వైడ్ లెన్స్ వెనక గాజు సెన్సార్‌కి దగ్గరగా ఉండటంతో మూలలకి కిరణాలు బాగా ఏటవాలుగా వస్తాయి. ఫిల్టర్ మందంగా ఉంటే అవి దారి తప్పుతాయి. అందుకే లైకా దాన్ని పల్చగా ఉంచుతుంది. దాని తిప్పలు దానికున్నాయి: 2006 నాటి ఎం8లో ఇన్‌ఫ్రారెడ్ సరిగ్గా ఆగక కొన్ని నల్ల బట్టలు మెజెంటాగా వచ్చేవి. 50ఎంఎం లెన్సులతో ఈ మూలల గొడవ చాలా తక్కువ.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నా సలహా జూపిటర్-8. 39ఎంఎం స్క్రూ మౌంట్‌ది తీసుకోండి, కీవ్ మౌంట్‌ది వద్దు. మీ మిర్రర్‌లెస్‌కి అడాప్టర్ సులభంగా దొరుకుతుంది. సీరియల్ నంబర్‌లో మొదటి రెండు అంకెలు సాధారణంగా తయారైన సంవత్సరాన్ని చెప్తాయి. లైకా బాడీ మీద వాడాలనుకుంటే మాత్రం దగ్గర దూరంలో ఫోకస్ తప్పొచ్చు, రెండింటి ఫోకస్ కప్లింగ్ లెక్కలు ఒకటి కావు. డబ్బులు పంపే ముందు సెల్లర్‌ని ఒక వీడియో అడగండి: అపెర్చర్ పూర్తిగా తెరిచి, చీకటి గదిలో లెన్స్ వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి తీసినది. చిన్న దుమ్ము కణాలు ఉంటే పర్లేదు. గాజంతా పాలపొరలా తెల్లగా కనిపిస్తే అది హేజ్, సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే ఫంగస్.