వసీయత్‌లో మూడో వంతు, పిల్లల హక్కు



"పిల్లలు నన్ను చూడటం లేదు, నా తర్వాత ఇల్లు సంఘానికి రాసేస్తాను" అనే పెద్దలు ఏలూరులోనూ ఉన్నారు, తాడేపల్లిగూడెంలోనూ ఉన్నారు. వారి బాధ నిజమే. అయినా ఆ వీలునామా పూర్తిగా చెల్లదు.

ఇంగ్లండులో ఆస్తి మొత్తం ఎవరికైనా రాయవచ్చు. తమకు తగినంత ఇవ్వలేదనుకునే పిల్లలు 1975 నాటి చట్టం కింద కోర్టుకు వెళ్లాలి. అక్కడ 2004లో చనిపోయిన ఒక తల్లి సుమారు 4,86,000 పౌండ్ల ఆస్తిలో దాదాపు అంతా జంతు సంక్షేమ సంస్థలకు రాసింది. ఒక్కగానొక్క కూతురు దావా వేసింది. 2017లో అక్కడి సుప్రీంకోర్టు ఆమెకు 50,000 పౌండ్లు ఖాయం చేసింది. అప్పటికి పదమూడేళ్లు గడిచాయి.

మన ధర్మశాస్త్రంలో పిల్లల వాటా జడ్జిగారి దయ మీద లేదు. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బుపడి, ఆస్తిలో ఎక్కువ భాగం దానం చేస్తానంటే దైవప్రవక్త (స) మూడో వంతుకే ఒప్పుకున్నారు, అదీ ఎక్కువేనన్నారు. అంతకు మించి రాస్తే, మరణం తర్వాత వారసులు ఒప్పుకుంటేనే చెల్లుతుంది. వారసుల్లో ఒకరికే వసీయత్ రాసినా మిగతావారి సమ్మతి కావాలి.

భిన్నాలు చెప్పే మాకు లెక్క వేయనిదే తోచదు. అంత్యక్రియల ఖర్చు, అప్పులు పోగా 60 లక్షలు మిగిలాయనుకుందాం. (చెల్లించని మహర్ కూడా అప్పే. చాలామంది మరిచేది అదే!) వసీయత్‌కు 20 లక్షలు దాటకూడదు. తక్కిన 40లో భార్యకు ఎనిమిదో వంతు, 5 లక్షలు. ఇద్దరు కొడుకులకు చెరి 14, కూతురికి 7.

కొల్లేరు పక్కన చేపల చెరువులున్నవారు "పొలానికి షరియత్ వర్తించదట కదా" అంటారు. 1937 చట్టంలో ఆ మినహాయింపు ఉన్న మాట నిజం. మన జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండగానే, 1949లో దాన్ని తీసేశారు.

అసలు తగవులు వచ్చేది హిబా దగ్గర. బతికుండగా ఇచ్చేదానికి మూడో వంతు హద్దు లేదు. విశాఖపట్నంలో 1968లో ఒక తండ్రి ఒక కొడుక్కే హిబా రాసిచ్చారు. మరో కొడుకు భాగం కోసం దావా వేశారు. రిజిస్ట్రేషన్ లేని ఆ కాగితం చెల్లుతుందా అన్నది ప్రశ్న. ఇస్తున్నానని చెప్పడం, పుచ్చుకోవడం, స్వాధీనం చేయడం, ఈ మూడూ ఉంటే చెల్లుతుందని సుప్రీంకోర్టు 2011లో తేల్చింది. నలభై మూడేళ్లు! తండ్రి పోయాక అన్నదమ్ములు వాదించుకున్న కాలం అది. మరణశయ్య మీద చేసిన హిబాకు మాత్రం మళ్లీ మూడో వంతు హద్దే.

చెల్లినంత మాత్రాన న్యాయమైపోతుందా? ఒక బిడ్డకే కానుక ఇచ్చి సాక్ష్యం కోరిన తండ్రికి దైవప్రవక్త (స) సాక్షిగా ఉండనన్నారు, సంతానం మధ్య న్యాయం పాటించమన్నారు. మన ఊళ్లలో ఆ కానుక ఎప్పుడూ కొడుకులకే పోతుంది. "పెళ్లి ఖర్చు పెట్టాం కదా" అని కూతురి నోరు మూయిస్తారు. పెళ్లి ఖర్చు వారసత్వ వాటాకు బదులు కాదు.

అందుకే సంఘానికి ఆస్తి రాస్తామని వచ్చే పెద్దలను మేము ముందు అడిగేది సర్వే నంబరు కాదు. కూతుళ్లు ఎంతమంది, ఈ సంగతి వారికి చెప్పారా అని.