ఆరో తరగతిలో తొలి మూడు నెలలు

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో ప్రతి ఇంట్లోనూ ఒకటే చర్చ: ఎంపీసీనా, బైపీసీనా, పాలిటెక్నిక్కా? నిజానికి చాలామంది పిల్లల విషయంలో ఈ లెక్క అప్పటికే సగం తేలిపోయి ఉంటుంది. ఆరో తరగతిలో చేరిన జూన్, జులై, ఆగస్టు నెలల్లో ఏం జరిగిందో వెనక్కి వెళ్లి చూస్తే తెలుస్తుంది. కెరీర్ గురించి రాసే చోట ఆరో తరగతి గురించి రాయడం అందుకే.

గోదావరి జిల్లాల్లో ఆ మార్పు ఎలా ఉంటుందో చూడండి. ఐదో తరగతి వరకు ఊళ్లోని ప్రాథమిక బడి, ఒకరో ఇద్దరో టీచర్లు. అమ్మ కువైట్‌లో పనిచేస్తోందనీ, పిల్లాడు అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నాడనీ, ముసురు పడితే ఆయాసం వస్తుందనీ వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. జూన్‌లో కాలవ గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ పక్క ఊరి జిల్లా పరిషత్ హైస్కూలుకు వెళ్తే అక్కడ సబ్జెక్టుకొక టీచరు. గంట కొట్టినప్పుడల్లా మనిషి మారతారు, పద్ధతీ మారుతుంది. లెక్కల మాస్టారు ప్రతి పేజీకీ మార్జిన్ కొట్టమంటారు, సైన్సు మేడమ్ బొమ్మలు పెన్సిలుతోనే వేయమంటారు. ఈ పిల్లాడి సంగతులన్నీ తెలిసినవాళ్లు మాత్రం ఒక్కరూ ఉండరు. ఐదులో క్లాసు ఫస్టు వచ్చినవాడు ఆరులో వెనకబడితే ‘పెద్ద బడికి వెళ్లాక పాడైపోయాడు’ అంటారు ఇంట్లో. వాడి తెలివికేమీ కాలేదు. ఆ బడి ఎలా నడుస్తుందో చెప్పిన దిక్కు లేదు, అంతే.

కాబట్టి కొత్తగా చేరినవాళ్లు మొదటి వారంలో ముందు బడిని నేర్చుకోవాలి. ఏ నోటు పుస్తకం ఏ రోజు దిద్దుతారు, ఏ టీచరు ఏ పీరియడులో స్టాఫ్ రూములో ఉంటారు, లైబ్రరీ బీరువా తాళం ఎవరి దగ్గరుంది, ఆటల పీరియడులో ఏ జట్టులో చేరొచ్చు, మంచినీళ్లూ బాత్రూములూ ఎటువైపు. వీటిని ఎవరూ పాఠంగా చెప్పరు. దారిలో పక్కన సైకిలు తొక్కే ఎనిమిదో తరగతి అక్కయ్యను అడిగితే అన్నీ చెప్పేస్తుంది. హెడ్మాస్టర్లు తలచుకుంటే దీన్నే ఒక పద్ధతిగా పెట్టొచ్చు: ఆరులో చేరిన ఇద్దరు ముగ్గురికి అదే ఊరి ఎనిమిదో తరగతి విద్యార్థి ఒకరిని ఆగస్టు వరకు తోడుగా పెట్టడం. పైసా ఖర్చు లేదు.

మన వైపు పిల్లలకు ఇంకో చిక్కుంది, అది మర్యాద. ‘అర్థమైందా?’ అని మాస్టారు అడిగితే క్లాసు క్లాసంతా ‘ఆయ్’ అంటుంది. అర్థం కాలేదంటే ఆయన్ను తప్పు పట్టినట్టవుతుందేమోనని జంకు. ‘రెండో మెట్టు దగ్గర ఆగిపోయానండీ’ అని చెప్పడం నేర్చుకోండి. అందులో అమర్యాద లేదు సరికదా, ఎక్కణ్నుంచి మళ్లీ చెప్పాలో టీచరుకు తెలుస్తుంది. అందరి ముందూ నోరు పెగలకపోతే గంట కొట్టాక వరండాలో అడగండి. టీచర్లకూ ఒక మనవి: ‘అర్థమైందా’ మానేసి ‘ఎక్కడ ఆగారు’ అని అడిగి చూడండి, క్లాసు వేరుగా పలుకుతుంది.

ఇరవై వస్తే చాలా?

ప్రభుత్వ బడుల్లో హిందీ ఆరో తరగతిలోనే మొదలవుతుంది. అంటే ఆ ఒక్క సబ్జెక్టులో అందరూ ఒకే గీత మీద నిలబడతారు. ఐదులో వెనకబడినవాడికి కూడా ముందుకు రావడానికి ఇది మంచి అవకాశం. కానీ పదో తరగతిలో మిగతా సబ్జెక్టులకు 35 మార్కులు కావాలి, హిందీకి 20 వస్తే పాసు అన్న మాట పిల్లల చెవిన ఆరులోనే పడుతుంది. ఎవరు మొదలుపెట్టారో గానీ చెడ్డ మాట అది. పదో తరగతి మొత్తం 600 మార్కుల్లో హిందీవీ వందే. నూజివీడు ట్రిపుల్ ఐటీలో ఆరేళ్ల ఇంటిగ్రేటెడ్ బీటెక్ సీటు పదో తరగతి మార్కుల మీదే వస్తుంది. అక్కడ ఒక్కో మార్కూ ఎంత పని చేస్తుందో సీటు చేజారినవాళ్లను అడగండి.

ఇంగ్లిష్ మీడియం భయం ఇంకా పెద్దది. మన రాష్ట్ర పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్‌లో, ఎదుటి పేజీ అదే పాఠం తెలుగులో ఉంటుంది. చాలా ఇళ్లలో తెలుగు పేజీ చదివితే నామోషీ. నా ఉద్దేశం దానికి పూర్తిగా విరుద్ధం. ముందు తెలుగు పేజీ చదివి సంగతి పట్టుకోండి. తర్వాత ఇంగ్లిష్ పేజీ చదువుతూ అదే సంగతిని అక్కడ ఏ మాటల్లో చెప్పారో వెతికి, పాఠానికి పదేసి మాటలు నోటు పుస్తకం వెనక రాసుకోండి. ఎనిమిదికి వచ్చి ఫిజికల్ సైన్స్, బయాలజీ వేరుపడేసరికి ఆ పదాలే మీకు ఆసరా.

లెక్కల్లో భిన్నాలు, దశాంశాలు, ఋణ సంఖ్యలు గట్టిపడకపోతే ఆ పైన ఏదీ నిలవదు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్‌లో 120 ప్రశ్నలుంటే 50 లెక్కలవే. 1946లో మొదలైన కాకినాడ ఆంధ్రా పాలిటెక్నిక్ లాంటి చోట సీటు కోరుకునేవాళ్లకు ఆరో తరగతి భిన్నాలు చిన్న సంగతి కాదు.

గోదారి పొంగినప్పుడు

జులై నుంచి సెప్టెంబరు దాకా వరద రోజులు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. లంక పిల్లలకు ఈ అంకెలు ఎక్కాల్లా నోటికొచ్చు. కనకాయలంక కాజ్‌వే మునిగితే పడవే దిక్కు. పి.గన్నవరం, అయినవిల్లి, ముమ్మిడివరం లంకల్లోనూ ఇదే వరస. ఏటిగట్టుకు ఇవతలి పిల్లలకు బడి నడుస్తూనే ఉంటుంది, అవతలివాళ్లకు ఆగిపోతుంది. నీళ్లు తీసి తిరిగొచ్చేసరికి భిన్నాల పాఠం దాటిపోయి ఉంటుంది. కొత్త బడి, కొత్త టీచర్లు, పైన ఈ దెబ్బ.

వరద రాకముందే గట్టు ఇవతల ఉండే ఇద్దరు క్లాసువాళ్ల ఇంటి ఫోన్ నంబర్లు రాసి పెట్టుకోండి. పుస్తకాలు మందపాటి పాలిథిన్ సంచిలో కట్టి అటక ఎక్కించండి. తిరిగి వెళ్లిన రోజు అన్ని నోట్సులూ ఎక్కించుకునే పని పెట్టుకోకండి. ముందు లెక్కలు, తర్వాత ఇంగ్లిష్. సోషల్ సొంతంగా చదువుకోవచ్చు. బడి కూడా లంక పిల్లల కోసం రోజూ ఒక పీరియడు మళ్లీ చెప్పే ఏర్పాటు చేయాలి. ఏటా వచ్చేదే కదా, ఏటా కొత్తగా ఆశ్చర్యపోవడం దేనికి?

ఎనిమిదిలో ఒక పరీక్ష

ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిది చదివేవాళ్లకు ఎన్ఎంఎంఎస్ అనే జాతీయ ఉపకార వేతన పరీక్ష ఉంది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు, నాలుగేళ్లకు 48,000. కుటుంబ ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. నవోదయ లాంటి వసతి బడుల వాళ్లకు ఇది వర్తించదు. తర్కానికి 90 ప్రశ్నలు, పాఠ్యాంశాలకు 90. గమనించాల్సింది ఇది: పరీక్ష రాయాలంటే ఏడో తరగతిలో 55 శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 50. ‘ఆరు, ఏడు తరగతులదేముంది, అందరూ పాసే’ అనుకున్న ఇంటికి ఈ తలుపు మూసుకుపోతుంది. ఆధార్‌లో, బడి రికార్డులో, బ్యాంకు పుస్తకంలో పిల్లల పేరు ఒకేలా ఉందో లేదో ఆరులో చేరిన రోజే చూసుకోండి. ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా పడితే తర్వాత ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఎంపికయ్యాక ఏటా రెన్యువల్ మరిచిపోతే డబ్బు ఆగిపోతుంది.

పెద్దాపురం, పెదవేగి నవోదయల్లోనో గురుకులాల్లోనో చేరిన పిల్లల కష్టం వేరు. ఇంటి మీద బెంగతో మొదటి నెలలో ‘వచ్చేస్తాను’ అని ఏడుస్తారు. ఆ ఏడుపు చూసి వెంటనే తెచ్చేయకండి, కొట్టిపారేయనూ వద్దు. ఎవరైనా కొడుతున్నారా, ఏడిపిస్తున్నారా అని మెల్లగా అడగండి. అలాంటిదేమైనా ఉంటే ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది.

కొత్తగా చేరినవాళ్లకు ఎనిమిదో తరగతి పిల్లల తోడు అన్నాను కదా, పెద్దవాళ్ల తోడు కూడా అలాంటిదే. టంగుటూరి ప్రకాశం చిన్నప్పుడే తండ్రి పోతే తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని సాకింది. ఆయన టీచరు ఇమ్మనేని హనుమంతరావు నాయుడు రాజమండ్రికి మారుతూ ప్రకాశాన్ని వెంటబెట్టుకొచ్చి చదివించారు. అంతటి టీచరు ప్రతి పిల్లాడికీ దొరక్కపోవచ్చు. తన పేరు పెట్టి పిలిచే టీచరు ఒకరుంటే చాలు, పిల్లాడు బడి మానడు.

డెల్టా రైతులకు బడిని పట్టించుకోవడం కొత్త కాదు. 1850లలో సబ్ కలెక్టర్ జి.ఎన్.టేలర్ నరసాపురం, పాలకొల్లు, ఆచంట, పెనుగొండల్లో బడులు పెట్టించినప్పుడు, శిస్తుతో పాటు చదువు కోసం కొంత పన్ను కట్టడానికి ఇక్కడి రైతులు తామే ముందుకొచ్చారు. నరసాపురంలో టేలర్ పేరుతో హైస్కూలు ఇప్పటికీ ఉంది. 2024 డిసెంబరు 7న రాష్ట్రంలోని ప్రభుత్వ బడులన్నిట్లో ఒకే రోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. మంచిదే, కానీ డిసెంబరు దాకా ఆగితే ఆరో తరగతి పిల్లాడికి ఆలస్యమైపోతుంది. రొయ్యల చెరువు దగ్గర పని ఉన్నా, ఒక పూట కూలి పోయినా, ఆగస్టు దాటకుండా ఒకసారి బడికి వెళ్లండి. క్లాసు టీచరును కలిసి మార్కులు తర్వాత అడగండి. మావాడు ఎవరి పక్కన కూర్చుంటున్నాడు, ఎప్పుడైనా లేచి ప్రశ్న అడిగాడా అని ముందు అడగండి.