విషము – ఔషధము

హైదరాబాదు నగరమున అమీరుపేట నుండి పంజగుట్ట మీదుగా పోవు మార్గము సదా జనసమ్మర్దముతో నుండును. ఆ మార్గముననే నిజాం వైద్య విజ్ఞాన సంస్థ కలదు. 1964వ సంవత్సరమున ఎముకల వైద్యశాలగా ఆరంభమైన ఈ సంస్థలో నేడు క్యాన్సరు వ్యాధికిని చికిత్స చేయుచున్నారు. దూరగ్రామముల నుండి వచ్చిన రోగుల బంధువులు అచట గంటలకొలది వేచియుందురు. "వ్యాధి నయమగునా?" అన్నదే వారందరి ప్రశ్న. అట్టివారితో ఎవరైన "తేనెటీగ విషము క్యాన్సరును చంపునట!" అని చెప్పినచో, వారి మనస్సున ఆశ పుట్టుట సహజము. ఆ మాటలో నిజమెంత?

తేనెటీగను ఎరుగనివారు లేరు. నగరములోని ఎత్తైన భవనములకు సైతము అది పట్టు పెట్టును. అది మనలను కుట్టినపుడు దాని ముల్లు చర్మమున చిక్కుకొని విషపుసంచితో సహా ఊడివచ్చును. ఈగ ప్రాణము విడుచును. ఎండిన విషములో దాదాపు సగము మెలిటిన్ అను పదార్థమే. ఇది 26 అమైనో ఆమ్లములతో కూర్చిన చిన్న గొలుసు వంటిది. కణమును చుట్టియుండు పలుచని పొరకు ఇది రంధ్రములు చేయగలదు. కుట్టినచోట మంట పుట్టుటకు ముఖ్యకారణ మిదియే.

ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున, హారీ పెర్కిన్స్ వైద్య పరిశోధన సంస్థలో సియారా డఫీ అను శాస్త్రజ్ఞురాలు ఈ విషమును పరీక్షించి, 2020లో ఫలితములను ప్రకటించెను. ఆస్ట్రేలియా, ఐర్లండు, ఇంగ్లండు దేశములలోని తేనెటీగల నుండియు, బంబుల్ అను మరియొక జాతి ఈగల నుండియు విషమును సేకరించిరి. మొత్తము ఈగలు 312. చికిత్సకు సులభముగా లొంగని రొమ్ము క్యాన్సరు కణములపై ఆ విషములను ప్రయోగించిరి. మెలిటిన్ 60 నిమిషములలో ఆ కణముల పొరను ధ్వంసము చేసెను. తగిన పాళ్లలో వాడినపుడు ఆరోగ్యకణములకు కలిగిన హాని స్వల్పము. బంబుల్ ఈగ విషము మాత్రము ఈ పని చేయలేదు. ఎలుకలలో మెలిటినును మరియొక క్యాన్సరు మందుతో కలిపి ఇచ్చినపుడు కంతి పెరుగుదల తగ్గెను.

ఇది గొప్ప వార్తయే. కాని గాజుపాత్రలోని కణము వేరు, మనుష్యుడు వేరు. మోతాదు మించినచో మెలిటిన్ ఎఱ్ఱ రక్తకణములను సైతము పగులగొట్టును. కొందరి శరీరతత్త్వమునకు ఒక్క ఈగ కుట్టినను ప్రాణాపాయము కలుగును. కావున ఈ విషమింకను క్యాన్సరుకు మందు కాలేదు.

విషము మందుగా మారు మార్గ మెంత కఠినమైనదో తెలిపెడి కథ మన తెలుగువారి చరిత్రలోనే కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున పనిచేసెను. కణములు వృద్ధిచెందుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. దానిని పోలియుండి, కణమును మోసగించు అమినోప్టెరిన్ అను పదార్థమును ఆయన బృందము తయారుచేసెను. బోస్టను నగరమున సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తక్యాన్సరుతో బాధపడు 16 మంది పిల్లలకు దానినిచ్చి, 1948లో ఫలితములను ప్రకటించెను. పదిమందికి గుణము కనిపించెను. కాని అది తాత్కాలికమే. మందు తీవ్రమైనది. పిమ్మట దానికంటె సౌమ్యమైన మెథోట్రెక్సేట్ దాని స్థానమును పొందెను. నేటికిని దానిని వైద్యులు వాడుచున్నారు. సుబ్బారావు 1948లోనే మరణించెను. తన కృషిఫలమును ఆయన పూర్తిగా చూడలేదు.

బాలబాలికలారా! రోగికి ఆశ అవసరము. కాని వినిన మాటను నమ్మి, వైద్యుడిచ్చు మందును మానుట ప్రమాదకరము. విషము అమృతమగుటకు మాట చాలదు. పరీక్ష కావలెను, ఓర్పు కావలెను. ఆ పరీక్ష చేయువారు రేపు మీలోనుండియే రావలెను.