పోటీ పరీక్షల ప్రత్యేకం: తొలి సముద్ర ఆర్థ్రోపొడా శిలాజాలు

• ఆర్థ్రోపొడా: జంతురాజ్యంలో అతిపెద్ద వర్గం. కీళ్లున్న ఉపాంగాలు, కైటిన్ బాహ్యాస్థిపంజరం, నిర్మోచనం ప్రధాన లక్షణాలు.

• బర్జెస్ షేల్: శిలాజ క్షేత్రం, కెనడా (బ్రిటిష్ కొలంబియా). 1909లో చార్లెస్ వాల్కాట్ కనుగొన్నారు. వయసు సుమారు 50.8 కోట్ల ఏళ్లు.

• చెంగ్‌జియాంగ్: శిలాజ క్షేత్రం, చైనా (యునాన్). 1984లో వెలుగులోకి వచ్చింది. సుమారు 51.8 కోట్ల ఏళ్లు. యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు: 2012.

• అనోమలోకారిస్: కేంబ్రియన్ సముద్రపు వేటజీవి. పేరు పెట్టింది 1892లో. సమూహం: రేడియోడాంటా. ఆధునిక ఆర్థ్రోపొడా శాఖ ఏర్పడకముందే విడిపోయింది.

• ట్రైలోబైట్లు: తొలి శిలాజాలు సుమారు 52.1 కోట్ల ఏళ్లవి. పెర్మియన్ యుగాంతంలో (25.2 కోట్ల ఏళ్ల క్రితం) అంతరించాయి.

• బంధుత్వం: ఆర్థ్రోపొడా + ఒనైకోఫొరా + టార్డిగ్రేడా = పాన్‌ఆర్థ్రోపొడా.

• తరచూ అడిగే ప్రశ్న: 'సజీవ శిలాజం' లిమ్యులస్ (గుర్రపునాడా పీత) పీతలకన్నా సాలీళ్లకు, తేళ్లకే దగ్గరి బంధువు. మరవొద్దు.